నేలవేము చేదు ఎంతవరకు మందు?

నేలవేము ఆకును వేళ్ళ మధ్య నలిపి చూస్తే చెప్పుకోదగ్గ వాసనేమీ రాదు. తులసిలోనో వాములోనో ఉండే ఘాటు దీనికి లేదు. నోట్లో వేసుకుని నమిలినా మొదట కాసేపు ఏదో పచ్చి ఆకు తిన్నట్టే ఉంటుంది. ఆ తర్వాత నాలుక మొదట్లో, గొంతుకు దగ్గరగా చేదు తగులుతుంది. తగిలిందంటే ఇక వదలదు. నీళ్ళు పుక్కిలించినా, బెల్లం ముక్క చప్పరించినా, ఆ తీపి కరిగిపోగానే మళ్ళీ చేదే పైకి తేలుతుంది. దీని ముందు వేపాకు చాలా మంచిదనిపిస్తుంది.

ఇంత చేదుగా ఉండటం వల్లే దీని మీద నమ్మకం కూడా ఇంతగా పెరిగింది. జ్వరానికి కషాయం, పచ్చకామెర్లకు పసరు, అజీర్తికి మాత్రలు, కడుపులో నులిపురుగులకు రసం, షుగరుకు చూర్ణం, దురదలకు పైపూత, ఆఖరికి పాముకాటుకు కూడా నేలవేమే. ‘రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే’ అన్న సామెతకు పూర్తిగా ఎదురు నిలిచే మొక్క ఇది. ఎవరూ కోరుకోరు, కానీ ఇచ్చినప్పుడు కళ్ళు మూసుకుని మింగేస్తారు.

ఒక్క ఆకుకు ఇన్ని పనులు అప్పగించారు కాబట్టి దీని గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా రెండు జట్లుగా విడిపోతారు. పెద్దలు ఊరికే చెప్పరని ఒక జట్టు, అంతా మూఢనమ్మకమని ఇంకో జట్టు. నిజానికి ఈ వాడకాలన్నీ ఒకే తరగతికి చెందినవి కావు. కొన్నిటికి మంచి ఆధారమే ఉంది, కొన్నిటికి అరకొరగా ఉంది, ఒకటి రెండు ప్రాణం మీదికి తెచ్చేవి. వీటిని కలిపి ఒకే మూట కట్టడం వల్లనే గందరగోళమంతా.

ముందు ఏ మొక్క గురించి మాట్లాడుతున్నాం?

నేలవేము, నేలవేప అని మనం పిలిచేది ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. పేరులో వేము ఉన్నా వేపచెట్టుకూ దీనికీ చుట్టరికం లేదు, ఇది అడ్డసరం కుటుంబానికి చెందిన చిన్న మొక్క. మోకాలి ఎత్తు నుంచి నడుము దాకా పెరుగుతుంది. కాండం గుండ్రంగా కాకుండా నాలుగు పలకలుగా ఉంటుంది, వేలితో తడిమితే అంచులు తెలుస్తాయి. ఆకులు సన్నగా, కొనదేరి, ఎదురెదురుగా జతలుగా వస్తాయి. పూలు చిన్నవి, తెలుపు మీద ఊదారంగు మచ్చలతో ఉంటాయి. హిందీలో కాల్‌మేఘ్, తమిళంలో నిలవేంబు, కన్నడంలో నెలబేవు, మలయాళంలో కిరియత్తు.

చిక్కు సంస్కృత గ్రంథాల దగ్గర వస్తుంది. జ్వరానికి ఆయుర్వేదం ఎక్కువగా చెప్పే చేదు మూలిక కిరాతతిక్తం. అది హిమాలయాల్లో దొరికే మొక్క, శాస్త్రీయ నామం స్వెర్షియా చిరాయిత. నేలవేముతో దానికి కుటుంబం కూడా కలవదు. అయితే భావప్రకాశ నిఘంటువు కిరాతతిక్తానికి చెప్పిన పర్యాయపదాల్లో ‘భూనింబ’ కూడా ఉంది. దక్షిణాదిలో భూనింబ అంటే నేలవేము. కొండల మీది నుంచి రావలసిన మూలిక ఖరీదైనది, అరుదైనది. ఇంటి వెనకాల వర్షాకాలంలో మొలిచే మొక్క కూడా అంతే చేదు. ఇంకేముంది, దాని స్థానంలో ఇది కూర్చుంది. కొన్నిచోట్ల వైద్యులు తెలిసే ప్రత్యామ్నాయంగా వాడారు, కొన్నిచోట్ల వ్యాపారులు కల్తీగా కలిపారు.

ఇది పండితులు తేల్చుకోవాల్సిన గొడవలే అని వదిలేయడానికి లేదు. జ్వరాలకు వాడే సుదర్శన చూర్ణంలో మిగతా మూలికలన్నిటి బరువులో సగం కిరాతతిక్తమే వేయమని పాఠం. అంటే ఆ డబ్బాలో మూడోవంతు ఏ మొక్క ఉందన్నదే మారిపోతోంది. ఒకదాని గురించి గ్రంథం చెప్పిన గుణాలను రెండోదానికి అంటగట్టి, రెండోదాని మీద జరిగిన పరిశోధనను మొదటిదానికి సాక్ష్యంగా చూపించడం చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. ఎండిన సరుకును పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. నేలవేము ఎండినా పచ్చదనం పూర్తిగా పోదు, కాండం పలకలుగానే ఉంటుంది. చిరాయిత కాండం గోధుమరంగులోనో ఊదా ఛాయలోనో, కింది భాగంలో గుండ్రంగా ఉంటుంది, విరిస్తే లోపల పసుపుపచ్చని బెండు కనిపిస్తుంది. చూర్ణం చేశాక మాత్రం కంటికీ నాలుకకూ కూడా దొరకవు.

కామెర్ల విషయంలో ఇంకో తికమక. నేల ఉసిరి కూడా చేదే, అది కూడా నేలబారు మొక్కే, దాన్నీ కామెర్లకు వాడతారు. చింతాకులాంటి చిన్న ఆకులు, ఆ ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు కనిపిస్తే అది నేల ఉసిరి. నేలవేము కాదు.

చేదు శరీరానికి చెప్పేదేమిటి?

చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో ఆరు రుచుల వర్ణన ఉంది. చేదు గురించి చెబుతూ, తనకు తాను రుచించదు కానీ అరుచిని పోగొడుతుంది అంటాడు చరకుడు. విషాన్ని, క్రిములను, దురదను, జ్వరాన్ని తగ్గిస్తుందని కూడా. నేలవేముకు ఇళ్ళలో చెప్పుకునే ఉపయోగాల పట్టికను దీని పక్కన పెట్టి చూడండి. దాదాపు అదే. అంటే ఈ ఆకును ఒక్కో జబ్బు మీద విడివిడిగా పరీక్షించి రాసిన పట్టిక కాదిది. చేదు అనే రుచికి ఉన్న గుణాలన్నీ, అతి చేదుగా ఉంది కాబట్టి, ఈ ఆకుకు కూడా వచ్చాయి. సంప్రదాయ వాడకాన్ని చదివేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇదే. ఫలానా పని చేస్తుందని వాళ్ళు చూసి చెప్పారా, రుచి సిద్ధాంతాన్ని బట్టి అనుకున్నారా?

అదే అధ్యాయంలో చేదును అతిగా వాడితే శరీరం ఎండిపోతుందని, బలం తగ్గి మనిషి చిక్కిపోతాడని, తల తిరుగుతుందని, నోరు ఎండుతుందని కూడా ఉంది. ‘సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు’ అని సీసాల మీద అచ్చు వేసేవాళ్ళు ఈ శ్లోకాలు ఎందుకో చదవరు.

ఇప్పటి శాస్త్రం చేదును వేరే దారిలో వివరిస్తుంది. మొక్కలు తమను పశువులు, పురుగులు తినెయ్యకుండా చేదు పదార్థాలు తయారుచేసుకుంటాయి. వాటిని గుర్తుపట్టి ఉమ్మేయడానికి మనుషుల్లో సుమారు 25 రకాల చేదు గ్రాహకాలు, అంటే చేదును పసిగట్టే ప్రొటీన్లు, ఏర్పడ్డాయి. నేలవేములో అసలు చేదంతా ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థానిది, దాన్ని 1911లో మొదట విడదీశారు. చిరాయితలో చేదు అమరోజెంటిన్ అనే మరో పదార్థానిది. రెండూ మనలోని టీఏఎస్2ఆర్50 అనే ఒకే గ్రాహకాన్ని తట్టి లేపుతాయని 2009లో తేలింది. రెండు మొక్కలకూ రసాయనం వేరు, కుటుంబం వేరు, కానీ నాలుక మీద తలుపు ఒకటే. తరతరాల వైద్యులు ఒకదాని బదులు ఇంకోటి వాడారంటే వాళ్ళ నాలుకను తప్పుపట్టలేం.

కానీ చేదు గ్రాహకం చెప్పేది ‘ఇందులో ఏదో ఉంది, జాగ్రత్త’ అని మాత్రమే. అది మందు అని చెప్పదు. ముషిణి గింజ కూడా చేదే, అందులో ఉన్నది స్ట్రిక్నిన్ విషం. ఆనపకాయ ఎప్పుడైనా చేదుగా వస్తే దాని రసం తాగి ఆసుపత్రుల పాలైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం చేదు ఆనప రసం తాగొద్దని హెచ్చరించింది.

ఆకలి విషయంలో మాత్రం చేదుకు తనదంటూ ఒక పాత్ర ఉండే అవకాశం ఉంది. చేదు గ్రాహకాలు నాలుక మీదే కాదు, జీర్ణాశయంలో, పేగుల్లో కూడా ఉన్నాయి. చేదు తగలగానే లాలాజలం ఊరడం ఎవరికైనా అనుభవమే. జీర్ణరసాల మీద కూడా ప్రభావం ఉంటుంది. బెంగాల్‌లో ‘ఆలుయి’ పేరుతో ఒక ఇంటి మందు ఉండేది. నేలవేము ఆకు రసంలో ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క కలిపి, ఎండలో ఆరబెట్టి, చిన్న చిన్న మాత్రలు కట్టి పసిపిల్లల కడుపునొప్పికి ఇచ్చేవారు. ఇప్పుడు పసిపిల్లలకు ఇలాంటివి పెట్టమని నేను చెప్పను. కానీ ఆ తయారీలో వాళ్ళు ఆకును ఎంత తక్కువ మోతాదులో, ఎన్ని సుగంధ ద్రవ్యాల మధ్య పెట్టారో గమనించాలి.

జ్వరం దగ్గరే అసలు పేచీ

పాత వైద్యంలో జ్వరమే ఒక జబ్బు. ఇప్పటి లెక్కలో అది ఎన్నో జబ్బులకు ఉండే ఒక లక్షణం. మలేరియా, టైఫాయిడ్, డెంగీ, మామూలు జలుబు అన్నీ ‘జ్వరం’ అనే ఒకే పేరు కింద ఉన్న రోజుల్లో ‘నేలవేము జ్వరానికి పనిచేస్తుంది’ అంటే అర్థం ఉండేది. ఇప్పుడు ఆ మాట వినగానే ఏ జ్వరానికి అని అడగాల్సి వస్తుంది.

జలుబు, గొంతునొప్పి, దగ్గుతో వచ్చే జ్వరానికైతే ఆధారాలు మెరుగ్గానే ఉన్నాయి. 2017లో వెలువడిన ఒక సమీక్ష 33 క్లినికల్ ట్రయల్స్‌ను, వాటిలో పాల్గొన్న 7175 మందిని కలిపి చూసింది. డమ్మీ మందు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే నేలవేము మందులు తీసుకున్నవాళ్ళకు దగ్గు, గొంతునొప్పి తగ్గాయని తేల్చింది. అయితే చాలా ట్రయల్స్ నాణ్యత అంతంతమాత్రమేనని కూడా ఆ సమీక్షే ఒప్పుకుంది. నా దృష్టిలో ఈ ఆకుకు ఉన్న సాక్ష్యాల్లో ఇదే గట్టిది. ప్రయోగశాలలో చూస్తే ఆండ్రోగ్రాఫోలైడ్ వాపును, మంటను నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్ పనిని అడ్డుకుంటుంది కాబట్టి గొంతు మంట తగ్గడం నమ్మదగ్గ సంగతే.

డెంగీ దగ్గర సంగతి వేరు. తమిళనాడులో నిలవేంబు కుడినీర్ అనే కషాయాన్ని, అక్కడి సంప్రదాయ సిద్ధ వైద్యానికి చెందినదాన్ని, డెంగీ సీజన్‌లో ప్రభుత్వమే పంచింది. ఇందులో నేలవేము ఒక్కటే కాదు, శొంఠి, మిరియాలు, వట్టివేరు, చందనం, తుంగముస్తలు, చేదుపొట్ల వంటివి కలిపి మొత్తం తొమ్మిది దినుసులు ఉంటాయి. అలాంటప్పుడు ఫలితం వస్తే అది ఏ దినుసుదో చెప్పడం కష్టం. అంతకన్నా ముఖ్యమైన విషయం డెంగీ నడకలోనే ఉంది. డెంగీలో మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దానంతట అదే దిగిపోతుంది. కొందరిలో అసలు ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి కారుతుంది, బీపీ పడిపోతుంది. కషాయం తాగాం, జ్వరం దిగింది, గండం గడిచిందని ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకునే గంటలే ఆసుపత్రిలో ఉండాల్సిన గంటలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం వీటిలో ఏది కనిపించినా కషాయం సంగతి మర్చిపోయి పరుగెత్తాలి. ప్లేట్‌లెట్లు కూడా చాలామందిలో తగ్గి, తర్వాత వాటంతట అవే పెరుగుతాయి. ఆ పెరిగిన వారంలో ఎవరు ఏ ఆకు రసం తాగితే ఆ ఆకుకు పేరు వస్తుంది. బొప్పాయి ఆకు కూడా ఇలాగే ఊరంతా మోగింది.

చలిజ్వరం, అంటే మలేరియా, దగ్గరికి వస్తే, చేదు ఆకు మీద నమ్మకానికి పక్కనే గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. సింకోనా బెరడు చేదు, అందులోంచి క్వినైన్ వచ్చింది. చైనాలో వాడే చేదు మూలిక ఆర్టెమిసియా ఆన్యువాలోంచి ఆర్టెమిసినిన్ వచ్చింది, దాన్ని కనిపెట్టిన తు యుయుకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అయినా ఆ మొక్క ఆకుతో టీ కాచుకుని మలేరియాకు తాగొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తేల్చి చెప్పింది. ఎందుకంటే టీలో మందు ఎంత వస్తుందో తెలియదు, తక్కువ పడితే జబ్బు నయం కాకపోగా మందుకు లొంగని పరాన్నజీవులు తయారవుతాయి. ఆకులో మందు ఉండటం వేరు, ఆకే మందు కావడం వేరు. మలేరియాను నిజంగా చంపే పదార్థం ఉన్న ఆకు విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, నేలవేము కషాయంతో మలేరియాను నెట్టుకొస్తామనుకోవడం సాహసం.

థాయిలాండ్ ఈ మోతాదు సమస్యను సూటిగా ఎదుర్కొంది. అక్కడ నేలవేమును ఫా థలాయ్ జోన్ అంటారు, జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో కూడా ఉంది. కోవిడ్ సమయంలో లక్షణాలు స్వల్పంగా ఉన్నవాళ్ళకు ఇచ్చారు. ఆకు ఎన్ని గ్రాములు అని కాకుండా, రోజుకు 180 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడ్ అందేలా ఐదు రోజులు అని లెక్కగట్టారు. పద్ధతి బాగుంది. ఫలితమే తేలలేదు. న్యుమోనియా రాకుండా కాపాడిందని చెప్పిన ఒక అధ్యయనంలో గణాంకాల లెక్క తప్పిందని తెలిసి, 2021లో రచయితలే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

కామెర్లు, షుగరు, పాముకాటు

పచ్చకామెర్లు కూడా జ్వరం లాంటివే, జబ్బు కాదు, గుర్తు. హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లతో వచ్చిన కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. పసరు మందుకు వచ్చిన పేరులో చాలా భాగం వీళ్ళ నుంచి వచ్చిందే. ఎలుకల్లో పారాసిటమాల్ లాంటివాటితో కాలేయాన్ని దెబ్బతీసి ఆండ్రోగ్రాఫోలైడ్ ఇస్తే నష్టం తగ్గిందన్న అధ్యయనాలు ఉన్నాయి. కానీ పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, గడ్డ ఉన్నా కూడా కళ్ళు పచ్చబడతాయి. వాటికి పసరు ఏం చేస్తుంది? హెపటైటిస్ బీ కొందరిలో ఏళ్ళ తరబడి లోపల ఉండిపోతుంది. గర్భిణులకు హెపటైటిస్ ఈ వస్తే ప్రాణాపాయమే. కాబట్టి రక్తపరీక్ష లేకుండా పసరు పోయించుకోవడం దేనికి మందు వేస్తున్నామో తెలియకుండా మందు వేయడమే.

షుగరుకు చేదు మంచిదన్న నమ్మకం వెనక తీపికి విరుగుడు చేదు అన్న తర్కం తప్ప పెద్దగా ఏమీ లేదు. రక్తంలో గ్లూకోజ్‌కు నాలుక మీది రుచితో సంబంధం లేదు. జంతువుల్లో నేలవేముతో చక్కెర తగ్గిన దాఖలాలు ఉన్నాయి కాబట్టి, షుగరు మాత్రలతో కలిపి వాడితే మరీ పడిపోయే ప్రమాదాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

పాముకాటు గురించి రెండు ముక్కలు చాలు. కరిచినవాళ్ళకు చేదు ఆకు నమిలించి, చేదు తెలియకపోతే విషం ఎక్కిందని, తెలిస్తే ఎక్కలేదని చెప్పే పరీక్ష ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. కట్లపాము కాటేస్తే గంటల తరబడి ఏమీ తెలియకపోవచ్చు, నాలుక మామూలుగానే పనిచేస్తుంది. విరుగుడు యాంటీవీనమ్ ఒక్కటే.

వాడేవాళ్ళకు

ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకుల్లో ఎక్కువ, కాండంలో తక్కువ, పూత మొదలయ్యే ముందు గరిష్ఠంగా ఉంటుంది. నిలవ ఉన్నకొద్దీ తగ్గుతుంది. నీటిలో సరిగా కరగదు. పాత ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు చెప్పినట్టు ఒక వంతు మూలికకు 16 వంతుల నీళ్ళు పోసి ఎనిమిదో వంతుకు మరిగించినా, ఒక ఇంట్లో కాచిన గ్లాసుకూ ఇంకో ఇంటి గ్లాసుకూ పోలిక ఉండదు. తాగాక కూడా పేగుల నుంచి రక్తంలోకి చేరేది కొద్దిగానే. ప్రయోగశాల పళ్ళెంలో వైరస్‌ను ఆపింది, క్యాన్సర్ కణాన్ని చంపింది అన్న వార్తలు చదివేటప్పుడు ఆ పళ్ళెంలో వాడిన మోతాదు కషాయంతో మన రక్తంలోకి ఎప్పటికీ రాదని గుర్తుంచుకోవాలి. ఈ మొక్క నుంచి తీసిన ఒక మందును పెద్దపేగు పుండ్ల జబ్బుకు ప్రయత్నించారు. రెండో దశ ట్రయల్‌లో ఆశ కలిగించింది, మూడో దశలో 2014లో ఫలితం కనిపించడం లేదని ఆపేశారు.

జలుబు, గొంతునొప్పికి పెద్దవాళ్ళు కొద్దిరోజులు వాడితే ఎక్కువమందికి వచ్చే ఇబ్బందులు వికారం, కడుపులో తిప్పడం లాంటివే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. రక్తం పలచబరిచే మందులు, బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, అవయవ మార్పిడి తర్వాత ఇమ్యూనిటీని అణచే మందులు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఆపరేషన్ ముందు కూడా ఇంట్లో తాగుతున్న కషాయం పేరు చెప్పాల్సిందే, ‘ఆకే కదా’ అని దాచేవాళ్ళే ఎక్కువ. చైనాలో దీని నుంచి తయారుచేసిన ఒక ఇంజెక్షన్ వల్ల వణుకు, జ్వరం వస్తున్నాయని 2017లో కొన్ని బ్యాచ్‌లను వెనక్కి రప్పించారు. ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2015లో సమీక్ష చేసి, ఈ మొక్క ఉన్న ఉత్పత్తుల వల్ల కొందరికి ప్రాణాంతకమైన అలర్జీలు కూడా వచ్చాయని గుర్తించింది. ఆ తర్వాత రుచి తెలియకుండా పోవచ్చన్న హెచ్చరికను కూడా చేర్చింది. మొదటి మోతాదు తర్వాత ఒంటి మీద దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా రెండో మోతాదు వేయొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. తాగిన పొడి డబ్బా కూడా వెంట తీసుకెళ్తే అందులో ఏముందో డాక్టరుకు తెలుస్తుంది.